శుక్రవారం కంపెనీ

“కువైట్‌లో టాక్స్ ఏంటండీ గౌస్ భాయ్? మా ఊళ్ళో చెబితే నవ్విపోతారు!”

సత్యప్రసాద్ గొంతు పెంచేసరికి వెనక క్యూలో వాళ్ళు కబుర్లాపి చెవులు ఇటు పడేశారు. ఫహాహీల్‌లో సప్లై కంపెనీ ఆఫీసంటే మెట్ల కింద ఒక గది, దానికో ఊచల కిటికీ, కిటికీ వెనక కడప నుంచి వచ్చి ఈ కుర్చీలోనే జుట్టు నెరిసిన మహమ్మద్ గౌస్. క్యూలో నిలబడ్డ వాళ్ళందరి ఇఖామా, అంటే ఈ దేశంలో ఉండే అనుమతి, ఈ కంపెనీ మీదే ఉంది. పని మాత్రం రిఫైనరీలో. కంపెనీ వీళ్ళని రిఫైనరీకి అద్దెకిస్తుంది. జీతం బ్యాంకులో వేస్తుంది, ఓవర్‌టైమ్ డబ్బు మాత్రం గురువారం గురువారం ఈ కిటికీలోంచి చేతికిస్తుంది. కోత కూడా ఈ కిటికీ దగ్గరే మొదలైంది.

గౌస్ నోట్ల మీంచి చూపు తియ్యలేదు. “మనిషికి లేదన్నా టాక్సు. కంపెనీకి ఉండాది. రిఫైనరీ వాళ్ళు మన కంపెనీ బిల్లులో నూటికి అయిదు పట్టి పెట్టుకుంటారు. టాక్సు బాకీ లేదని సర్కారు కాడ్నించి క్లియరెన్సు కాయితం తెస్తేనే ఇడుస్తారు. మన కంపెనీ నడిపే ముదీర్ ఏమన్నాడూ? నా బిల్లులో పట్టినారు, మీ ఓవర్‌టైములో నేను పడతా, నాకు రాంగానే మీకిస్తా అన్నాడు. తినేస్తాడా ఏంది?”

“ఆ కాగితం తెచ్చుకోవాల్సింది ఎవరు?”

“కంపెనీ.”

“లెక్కలు చూపించాల్సింది ఎవరు?”

“కంపెనీనే.”

“మరి మధ్యలో మా జేబు ఎందుకు కొయ్యడం? కంపెనీకి లాభమొస్తే మాకు పంచుతున్నారా? గోడకేసిన సున్నం కాకపోతే, ఆ డబ్బు మళ్ళీ మా మొహం చూస్తుందా?”

వెనకాల ఎవరో “అదీ మాట” అన్నారు. గౌస్ అప్పుడు తలెత్తాడు. ఆయనకి కోపం రాలేదు, అదే ప్రసాద్‌ని ఇంకా మండించింది. ఆయన ఊచల దగ్గరికి జరిగి, ప్రసాద్‌కి మాత్రమే వినపడేట్టు అన్నాడు.

“ప్రసాదన్నా, శుక్రారం శుక్రారం నువ్వు యాడికి పోతాండావో ఈ ఆఫీసులో తెలీనోళ్ళు లేరు. నేనెప్పుడన్నా అడిగినానా? నువ్వూ అడగొద్దు.”

ఊచల్లోంచి పెన్ను బయటికి వచ్చింది. డబ్బు ముట్టినట్టు సంతకం పెట్టడానికి. ఒకరి ఇఖామా మీద ఉండి ఇంకొకరి దగ్గర పని చేస్తూ దొరికితే ఈ దేశంలో విచారణలూ వాయిదాలూ ఉండవు, విమానమెక్కించేస్తారు. ప్రసాద్ తేలు కుట్టిన దొంగలా పెన్ను అందుకుని సంతకం గీకి పక్కకి తప్పుకున్నాడు.

తరవాత లింబాద్రి. జగిత్యాల వైపు మనిషి, అదే రిఫైనరీలో పరంజా కట్టే హెల్పరు. ఇచ్చింది తీసుకున్నాడు, లెక్క చూడలేదు, పెన్ను అందుకుని చూపించిన చోట సంతకం పెట్టాడు. మెట్ల బయట ఎండలో నిలబడి ప్రసాద్ కోపమంతా అతని మీద కక్కాడు.

“నువ్వు నోరెందుకు తెరవవురా? నలుగురూ అడిగితేనే కదా వాళ్ళకి భయం!”

“అడిగితె ఇస్తరా అన్నా?” అన్నాడు లింబాద్రి. నిజంగా తెలుసుకుందామనే అడిగాడు.

శుక్రవారం తెల్లారకుండానే పికప్ వచ్చి ఇద్దర్నీ ఎక్కించుకుని సులైబియా తీసుకెళ్ళింది. అక్కడొక కాంట్రాక్టరు యార్డు. నీళ్ళ ట్యాంకులు, పైపులు వెల్డింగ్ చేసి పేరుస్తారు. ఆ అతుకుల్లో పగుళ్ళున్నాయో లేవో చూసి రిపోర్టు రాయడం ప్రసాద్ పని. వారమంతా రిఫైనరీలో చేసేదీ అదే. కాకపోతే అక్కడ చేస్తే జీతం, ఇక్కడ చేస్తే బిల్లు. ఒట్టి మనిషికి డబ్బివ్వడం కుదరదు, కంపెనీ బిల్లు తీసుకురమ్మని ఈ యార్డు అకౌంటెంటు అడిగాడు కాబట్టి అమలాపురంలో ఆడిటర్ సూరిబాబు గారి చేత ఒక ప్రైవేట్ లిమిటెడ్ పెట్టించాడు. ప్రసాద్ డైరెక్టరు, భార్య సత్యశ్రీ రెండో డైరెక్టరు. కంపెనీ ఆస్తి అంటే ఒక రబ్బరు స్టాంపు, సగం వాడిన నాలుగు స్ప్రే డబ్బాలు. బయట పల్లకీల మోత, ఇంట్లో ఈగల మోత అంటే ఇదే.

లింబాద్రి వైరు బ్రష్‌తో అతుకు మీద తుప్పు గీకి, గుడ్డతో తుడిచాడు. ప్రసాద్ ఎర్ర రంగు స్ప్రే కొట్టాడు. పగులుంటే రంగు అందులోకి దిగాలి. అది దిగేదాకా ఇద్దరూ ట్యాంకు నీడలో గొంతుక్కూచున్నారు. ఆ నీడ కూడా వేడిగానే ఉంది.

“మా అవ్వను వచ్చే వారం కరీంనగర్ల దవాఖానల షరీక్ చేస్తున్నరన్నా,” అన్నాడు లింబాద్రి. “కడుపుల గడ్డనట. కోసి తీస్తరట.”

“మీ అమ్మ ముత్తెవ్వకా? అయ్యో! మరి ఖర్చు?”

“తెల్లకార్డున్నది గదా. దాని మీద్నే చేస్తరట, రూపాయి ఇచ్చేది లేదట. గా కార్డు లేకుంటె నేనిక్కడ ఇంకో రెండేండ్లు ఎక్కువ ఉండాలె.”

మంచిదే అన్నాడు ప్రసాద్. లేచి, తడి గుడ్డతో పైపైన ఎర్రరంగు తుడిచి, తెల్ల స్ప్రే కొట్టాడు. సున్నమేసినట్టు ఆరిన తెలుపు మీద చూస్తుండగానే సన్నటి ఎర్రగీత బయటపడింది. సుద్దముక్కతో దాని చుట్టూ గుండ్రంగా గీశాడు. ఇంకో అతుకు దగ్గరికి జరిగారు.

మధ్యాహ్నానికి పని అయింది. యార్డు అకౌంటెంటు ఎప్పట్లాగే బిల్లులో నూటికి అయిదు ఆపి మిగతాది ఇండియా ఖాతాకి పంపిస్తున్నానన్నాడు. ఆపింది ఎప్పుడిస్తావయ్యా అంటే, నీ కంపెనీ పేర టాక్స్ క్లియరెన్స్ తెచ్చిన రోజున అన్నాడు. అది తేవాలంటే ఎక్కడికెళ్ళాలో, ఏ భాషలో అడగాలో ప్రసాద్‌కి తెలీదు. వెళ్తే ముందు ఇఖామా చూపించమంటారేమోనన్న భయం వేరే. విసుక్కుంటూ బయటికొచ్చి, లింబాద్రికి రోజుకూలి పది దీనార్లు తీశాడు. అందులోంచి ఎప్పట్లాగే అర దీనారు వెనక్కి తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.

“క్లియరెన్స్ రాగానే ఇచ్చేస్తాన్రా.”

“మంచిదన్నా,” అన్నాడు లింబాద్రి.

పికప్ ఎక్కబోతుంటే అమలాపురం నుంచి ఫోను. సూరిబాబు గారు.

“ప్రసాదు గారూ, నోటీసొచ్చిందండి.”

“దేనికండీ? గల్ఫ్ డబ్బుకి టాక్స్ లేదని మీరేగా అన్నారు!”

“గల్ఫ్ జీతానికి లేదన్నానండి, ఆయ్. మీది రెండు రకాల డబ్బు. రిఫైనరీ జీతం మీరక్కడుండి సంపాదించుకున్నది. దాని జోలికి ఇక్కడెవరూ రారు. శుక్రవారం బిల్లు డబ్బు మీది కాదండి, కంపెనీది. కంపెనీ ఇక్కడిది. ముందు కంపెనీ టాక్స్ కట్టాలి. తరవాత మీకు జీతం కింద ఇచ్చినట్టు రాసుకోవాలి. దాని మీద మీరు విడిగా కట్టాలి. మీరేమో రెండూ తీసుకెళ్ళి ఒకే ఖాతాలో కలిపేసి, అంతా కువైట్ జీతమే అనేశారు.”

“రాసింది మీరు కదండీ!”

“మీరు చెబితేనే కదండీ రాసింది?”

“నా చెమట, నా కంపెనీ, నా ఖాతా. కలిపితే తప్పేంటండీ? నేనూ నా కంపెనీ వేరా?”

“వేరేనండి. చట్టానికి మీరొక మనిషి, అదొక మనిషి.”

ప్రసాద్‌కి ఒళ్ళు మండిపోయింది. ఇక్కడ సప్లై కంపెనీ వాడు కొయ్యాల్సి వచ్చినప్పుడు మనమంతా ఒకటే అంటాడు. అక్కడ టాక్స్ వాడు కట్టించుకోవాల్సి వచ్చినప్పుడు నువ్వు వేరు, నీ కంపెనీ వేరు అంటాడు. ఎటు తిరిగినా దెబ్బ తన వీపునే పడుతోంది. పెనాల్టీతో కలిపి ఎంతో సూరిబాబు గారు చెప్పిన అంకె విన్నాక, ఇక్కడ ఫింటాస్‌లో తాము ఉంటున్న ఫ్లాట్ ఖాళీ చేసి సత్యశ్రీనీ పాపనీ ఇండియా పంపెయ్యడం తప్ప దారి కనిపించలేదు.

“దారుందండి,” అన్నారు సూరిబాబు గారు. “మీతో ఒకబ్బాయి వస్తాడన్నారు కదా. అతనికి పాన్ కార్డుందా?”

“ఉంది. బ్యాంకు ఖాతా కోసం నేనే తీయించాను.”

“ఇంకేటండీ! పనంతా అతనికి సబ్‌కాంట్రాక్టు ఇచ్చినట్టు, డబ్బంతా అతనికే ముట్టినట్టు వోచర్లు రాసి సంతకాలు పెట్టించండి. కంపెనీకి లాభమే మిగలదు. లాభం లేకపోతే టాక్సూ లేదు.”

“మరి అతనికో?”

“అతని మీద పడేది అతను చూసుకుంటాడు లెండి. అప్పటికి ఎన్నాళ్ళవుతుందో ఏమో!”

పికప్ వెనకాల లింబాద్రి స్ప్రే డబ్బాలు దొర్లిపోకుండా కాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. ప్రసాద్ ఇటు తిరిగి డ్రైవరుతో “యల్లా” అన్నాడు.

శనివారం పొద్దున్న ఫింటాస్‌లో, భోజనాల బల్ల మీద వోచర్లు పరిచి కూర్చున్నాడు ప్రసాద్. పాప హోంవర్కు బల్ల కొసకి జరిగింది. సత్యశ్రీ వంటింట్లోంచి తొంగిచూసింది.

“డైరెక్టరు గారిని టీ పెట్టమంటారా, సంతకం పెట్టమంటారా?”

“రెండూ.”

ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చుంది. ఇన్నాళ్ళూ ఎక్కడ వేలు పెట్టి చూపిస్తే అక్కడ సంతకం పెట్టేది. ఈసారి ఎందుకో చదివింది.

“లింబాద్రికి ఇంత డబ్బు ఎప్పుడిచ్చామండీ?”

“ఇవ్వలేదు. ఇచ్చినట్టు రాస్తున్నాం.”

“అతని పేర ఇంత ఆదాయం కనిపిస్తే వాళ్ళకి తెల్లకార్డు ఉంచుతారా? మా బాబాయి ఏదో లోను కోసం రిటర్ను వేశాడని పిన్ని వాళ్ళ కార్డు తీసేశారుగా.”

ఇది తనకి తట్టలేదని అనడానికి లేదు. రాత్రి నుంచీ తడుతూనే ఉంది. తట్టినప్పుడల్లా, పెనాల్టీ అంకె గుర్తు తెచ్చుకుని దాన్ని పక్కకి నెట్టాడు.

“ఊళ్ళో వాళ్ళందరి కార్డులకీ నేను జవాబుదారీనా? నన్ను కోసేటప్పుడు ఎవడన్నా ఆలోచించాడా? ముందు టీ పట్రా!” అని అరిచాడు. అత్త మీద కోపం దుత్త మీద. పాప పెన్సిలాపి చూసింది.

సత్యశ్రీ కాగితాలు తన వైపు లాక్కుంది. పై కాగితం మీద సంతకం పెట్టింది. తరవాత పెన్నుకి మూత పెట్టేసి, కాగితాల పక్కన జాగ్రత్తగా ఉంచింది.

“మిగతావి అతను పెట్టాక పెడతాను,” అని లేచి వెళ్ళిపోయింది. టీ వచ్చింది కానీ అందులో పంచదార లేదు. అడిగే మొహం లేక అలాగే తాగాడు.

సోమవారం డ్యూటీ దిగి మంగఫ్‌లో లింబాద్రి ఉండే క్యాంపుకి వెళ్ళాడు. గది ముందు వరండాలో లింబాద్రి బకెట్లో పనికి వేసుకునే కవరాల్ నానబెట్టి, మోకాళ్ళ దగ్గర గ్రీజు మరకని ఇటుక ముక్కతో రుద్దుతున్నాడు. ప్రసాద్‌ని చూసి గబగబా చేతులు కడుక్కుని, లుంగీకి తుడుచుకుని, లోపల్నుంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేశాడు. తను పక్కన బోర్లించిన ఇంకో బకెట్ మీద కూర్చున్నాడు.

“అవ్వకి ఎలా ఉందిరా?”

“దవాఖానల చేర్పించిన్రన్నా. కార్డు తీస్కొని పోయిన్రు. ఎల్లుండి కోస్తరట.”

ప్రసాద్ సంచిలోంచి కాగితాలు తీశాడు. దారిపొడుగునా అనుకున్న మాటలే అన్నాడు. కంపెనీ లెక్కల కోసం, ఊరికే సంతకాలు, నువ్వు కట్టేదేం లేదు. ఆఖరి ముక్క అనేటప్పుడు చూపు బకెట్ మీదకి పోయింది.

“యాడ పెట్టాలె?” అని లింబాద్రి లోపల్నుంచి తనే పెన్ను వెతికి తెచ్చుకున్నాడు. కాగితం తొడ మీద పెట్టుకుని, పెన్ను ఆనించి, ఆగాడు.

“అన్నా, దీంట్ల ఎంత కోత?”

“కోత కాదురా. నా కంపెనీ మీద టాక్స్ పడింది. అందులో కొంత నీ పేరున చూపిస్తున్నాం. అంతే.”

లింబాద్రి అర్థమైనట్టు తలూపాడు. “గౌస్ సారు గుడ గట్లనే చెప్పిండు గదా. వాళ్ళ కంపెనీ మీద వడ్డదట, మన మీదికెల్లి తీస్తున్నరు.”

“వాళ్ళూ నేనూ ఒకటేనా?” ప్రసాద్ గొంతు వరండా చివరిదాకా వినపడింది. “వాళ్ళతో నన్ను కలుపుతావా? నీకు పని చూపించింది ఎవరు? పాన్ కార్డు తీయించింది ఎవరు?”

లింబాద్రి బెదిరిపోయాడు. “గట్ల అనలేదన్నా! నువ్వు మంచోనివి. రిఫైనరీల నువ్వు గుడ నా లెక్కనే. గని శుక్రారం నువ్వు కంపెనీవే గదా. కంపెనీ అన్నంక కోస్తది. నా అర దీనార్లన్ని నీ తాన్నే ఉన్నయ్, నేను ఎన్నడన్న అడిగిన్నా?”

అందులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే ప్రసాద్ ఏదో ఒకటి తిరిగి అనేవాడు. అతను మళ్ళీ కాగితం మీదకి వంగి, తన పేరులో మొదటి అక్షరం గుండ్రంగా దిద్దడం మొదలుపెట్టాడు.

ప్రసాద్‌కి సిగ్గేసింది. కిటికీ ముందు తను అరిచిన ప్రతి ముక్కా, ఇప్పుడు ఈ బకెట్ మీద కూర్చున్నవాడు తనని అడగొచ్చు. లెక్క ఎవరిది? కాగితం తేవాల్సింది ఎవరు? మధ్యలో నా జేబెందుకు? ఇతను అడగడంలేదు, అంతే తేడా. అర దీనారు జేబులో వేసుకున్న ఏ శుక్రవారమూ తనకిది తట్టలేదు. తనకి ఆపారు కాబట్టి తను ఆపాడు. అందులో తప్పుందని అనుకోనే లేదు.

పెన్ను కింద నుంచి కాగితం లాగేశాడు. మొదటి అక్షరం తోక సాగిపోయింది.

“వద్దులే. వేరే దారి చూస్తాను.”

“కోపమొచ్చిందా అన్నా?”

“నీ మీద కాదు.” పర్సు తీశాడు. ఆపిన అర దీనార్లు ఎన్నయి ఉంటాయో ఉజ్జాయింపుగా అనుకుని, దానికి కాస్త పైనే లింబాద్రి చేతిలో పెట్టాడు. “ఇవి నీ శుక్రవారాలవి.”

లింబాద్రి నోట్ల వంకా, ప్రసాద్ వంకా చూశాడు. “కాయితమొచ్చిందా?”

“వచ్చింది,” అనేశాడు ప్రసాద్. అలా అంటే మాట్లాడే పని తప్పుతుందనుకున్నాడు.

లింబాద్రి మొహం వెలిగిపోయింది. “చూసినవా! అంటె మన సప్లై కంపెనీది గుడ వస్తదన్నట్టే గదా! నువ్వు ఉత్తగనే గౌస్ సారు మీద గరమైతివి. ఇగ మనోళ్ళందరికి చెప్త, కొద్దిగ ఓపిక వట్టుండ్రి అని.”

ప్రసాద్ లేవబోయినవాడు మళ్ళీ కుర్చీలో కూలబడ్డాడు. అడ్డం తిరిగిన అబద్ధమంత చికాకు ఇంకోటి లేదు.

“రాలేదురా,” అన్నాడు. “కాగితం రాలేదు.”

“మరి ఎట్లిస్తున్నవ్?”

“నాకు రావాల్సింది నాకు రాకపోతే అది నా ఖర్మ. నీది నీకివ్వడానికి ఆ కాగితంతో పనేముంది? ఇవ్వాలనుకుంటే ఎప్పుడో ఇవ్వొచ్చు.”

“కాయితం రాకున్నా ఇయ్యచ్చా?”

“ఇవ్వొచ్చు.”

లింబాద్రి నోట్లు మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, బకెట్ తిప్పి నీళ్ళు పట్టుకున్నాడు. ప్రసాద్ మెట్లు దిగుతుంటే వెనక ఇటుక రుద్దే చప్పుడు మళ్ళీ మొదలైంది.

ఇంటికెళ్ళి సూరిబాబు గారికి ఫోన్ చేశాడు. “వోచర్లు లేవండి. కంపెనీది కంపెనీ కడుతుంది, నాది నేను కడతాను. వాయిదాలిస్తారేమో కనుక్కోండి. ఇకమీదట రెండు ఖాతాలూ వేరుగానే ఉంటాయి.”

“మీ ఇష్టమండి. తరవాత నన్ననకండి,” అన్నారాయన, నష్టం తనకే వచ్చినట్టు.

సత్యశ్రీ పక్కనే నిలబడి అంతా వింది. తను సంతకం పెట్టిన ఒక్క కాగితాన్నీ తీసి నాలుగు ముక్కలు చేసింది. “మన పడగ్గది షేరింగ్‌కి ఇచ్చేద్దామండీ. కేరళ నర్సొకావిడ అడుగుతోంది. మనం హాల్లో పడుకుందాం. నేను మాత్రం ఇండియా పోను.” ఆ పూట టీలో పంచదార కాస్త ఎక్కువే పడింది.

గురువారం కిటికీ ముందు ప్రసాద్ ఏమీ అడగలేదు. అడిగితే గౌస్ ఏమంటాడో తెలుసు. పైగా వారం మొత్తం మీద అతనిలో కోపం అలసిపోయింది. కోత పోను వచ్చింది తీసుకుని, పెన్ను అందుకుని, సంతకం పెట్టి మెట్ల వైపు నడిచాడు. వెనకాల లింబాద్రి గొంతు వినపడింది.

“సార్, నాది పట్టుకున్నదంత ఇయ్యిండ్రి.”

గౌస్ నవ్వాడు. “క్లియరెన్సు రాలేదబ్బా.”

“కాయితం రాకున్నా ఇయ్యచ్చట సార్.”

క్యూలో మాటలాగిపోయాయి. ఎన్నడూ నోరు తెరవనివాడు తెరిచాడు, అదీ గొంతు పెంచకుండా. గౌస్ నవ్వు సగంలో ఆగింది.

“ఎవురు చెప్పినారు నీకు?”

“చెప్పుడు కాదు సార్. ఒక కంపెనీ ఇచ్చింది. నాకే ఇచ్చింది.”

“ఏ కంపెనీ అది?”

లింబాద్రి పలకలేదు. వెనక్కి తిరిగి చూడను కూడా లేదు. ఆ పేరు చెబితే ఏమవుతుందో అతనికి తెలుసు. ప్రసాద్ మెట్ల మొదట్లో ఉన్నాడు. ఇంకో అడుగు వేస్తే ఎండ, రోడ్డు, ఇంటికెళ్ళే బస్సు. గౌస్ మళ్ళీ అడిగాడు, ఈసారి గట్టిగా. “నిన్నే. ఏ కంపెనీ?”

ప్రసాద్ వెనక్కి తిరిగాడు. క్యూ పక్కనుంచి నడిచి వచ్చి లింబాద్రి భుజం దగ్గర నిలబడ్డాడు.

“నాది గౌస్ భాయ్. శుక్రవారం కంపెనీ.”

క్యూ అంతా విన్నది. గౌస్ ఒక్క క్షణం ప్రసాద్ కళ్ళలోకి చూశాడు. తరవాత క్యూ వైపు చూశాడు, అది మెట్లదాకా ఉంది. ఏం చెయ్యాలో తోచక, లింబాద్రి ముందు కోత పోను మిగిలిన నోట్లు పెట్టి, సంతకానికి ఊచల్లోంచి పెన్ను బయటికి చాపాడు.

లింబాద్రి అందుకోలేదు. అతని వెనక ఉన్నవాడు పెన్ను వంక చూసి చేతులు కట్టుకున్నాడు. గౌస్ చెయ్యి ఊచల బయట అలాగే ఉండిపోయింది.